తగిరిస: దిబ్బ మీది మొక్క, దాని వెనక మన చరిత్ర

మన చరిత్ర అనగానే 1879 నాటి రంప పితూరీ, 1922-24 మన్యం పోరాటం, 1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీమ్ నేలకొరగడం గుర్తుకొస్తాయి. వాటి గురించి పాటలున్నాయి, పుస్తకాలున్నాయి, ఊరూరా విగ్రహాలున్నాయి. ఈ సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తారు. మేము మాత్రం ఒక మొక్క గురించి రాయాలనుకున్నాం. తొలకరి పడిన పదిహేను రోజులకల్లా దారి పక్కన, పశువుల దొడ్డి వెనక, పోడు అంచున, బడి గోడ కింద ఎవరూ నాటకుండానే గుంపులుగా మొలిచే తగిరిస గురించి.

ఈ మొక్కను చూడనివారు మనలో ఉండరు. పేరు అడిగితే మాత్రం ఈ తరం వాళ్ళలో సగం మంది ‘పిచ్చిమొక్క’ అంటారు. కొన్ని ఊళ్ళలో దీన్ని తంటెం అంటారు, తెలంగాణ వైపు తగిరంచ. ఒడిశా సరిహద్దు దాటితే చాకుండా, ఛత్తీస్‌గఢ్ సంతలో చరోటా. తమిళులు తగరై అంటారు, మలయాళంలో తకర. తగిరిస, తగరై, తకర ఒకే గూటి మాటలని వింటేనే తెలుస్తుంది. ఇన్ని నేలల్లో ఇన్ని పేర్లున్న మొక్క పిచ్చిమొక్క ఎలా అవుతుంది? పనికిరాని దానికి ఎవరూ పేరు పెట్టరు, పెట్టినా అది నాలుగు ఊళ్ళు దాటదు.

గుర్తులు చెప్పుకుందాం, ముందుముందు అవసరం పడతాయి. మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా పెరుగుతుంది. ఒక్కో రెమ్మకు మూడు జతల ఆకులు, అంటే ఆరు. ఆకు కొన గుండ్రంగా ఉంటుంది. పొద్దు గూకే వేళకు ఆకులన్నీ ముడుచుకుని నిద్రపోతాయి. వానాకాలం చివర పసుపు పూలు, ఆ తర్వాత సన్నగా పొడవుగా, కొడవలిలా వంగిన కాయలు. లోపల నున్నగా మెరిసే గోధుమరంగు గింజలు, పలకలు తిరిగి ఉంటాయి. ఆకు నలిపితే ఘాటైన వాసన. ఆ వాసనకే ఆవు, గేదె దాన్ని ముట్టవు. చుట్టుపక్కల గడ్డంతా మేసినా తగిరిస మాత్రం నిలబడి ఉంటుంది.

మన కథ ఇక్కడే మొదలైందని మా ఊహ. పశువు వదిలేసిన ఆకును మనిషి తినడం మొదలుపెట్టింది ఎందుకు? జవాబు ఒకటే, ఆకలి.

కొండల్లో ఏడాదికి ఒక గడ్డుకాలం ఉంటుంది. గాదెలో సామలు, చోళ్ళు, జొన్నలు అడుగంటుతాయి. విత్తనానికి దాచింది ముట్టకూడదు. కొత్త పంట ఇంకా రెండు మూడు నెలల దూరం. వేసవిలో అయితే ఇప్పపువ్వు ఉంటుంది, తునికి పండు ఉంటుంది, మామిడి ఉంటుంది. ఆషాఢ, శ్రావణాల్లో అవేవీ ఉండవు. పని చూస్తే అప్పుడే ఎక్కువ. దున్నాలి, చల్లాలి, కలుపు తీయాలి. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోదావరి కొండల్లో కొండరెడ్లతో కలిసి తిరిగి, 1945లో వారి గురించి పుస్తకం ప్రచురించాడు. జీలుగు చెట్టు, మామిడి టెంకల్లోని జీడి, అడవి దుంపలు వాళ్ళ ప్రాణం ఎలా నిలబెట్టాయో అందులో కనిపిస్తుంది. దుంప కావాలంటే అడవి లోపలికి వెళ్ళి లోతుగా తవ్వాలి. మామిడి జీడి కావాలంటే రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి చేదు పోగొట్టాలి. ఆకుకూరకు అంత శ్రమ లేదు. చంకలో బిడ్డతోనే తల్లి పోడు నుంచి వస్తూ వస్తూ దారిలో ఒడినిండా కోసుకొచ్చేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవులకు హద్దురాళ్ళు పడ్డాయి, పోడు కొట్టడానికి ఆంక్షలు, పశువుల మేతకు రుసుము, కట్టెకు రుసుము. అంతకు ముందే రంప ప్రాంతంలో మున్సబుదారు కల్లు మీద ‘చిగురు పన్ను’ వసూలు చేశాడు. 1879 పితూరీకి ఉన్న కారణాల్లో అదొకటి. తాటి చెట్టుకూ జీలుగు చెట్టుకూ పన్ను కట్టించుకోగలిగారు గానీ తగిరిస చిగురు మీద పన్ను వెయ్యాలని ఎవరికీ తట్టలేదు. అది అడవి చెట్టు కాదు, ఊరి దిబ్బ మీది మొక్క. గార్డు లెక్కలో లేదు, కరణం లెక్కలో లేదు. అడవి తలుపు మూసుకుపోతున్న కొద్దీ ఈ లెక్కలోకి రాని మొక్కల మీద మన ఇళ్ళు ఎక్కువగా ఆధారపడ్డాయి. చరిత్ర పుస్తకాల్లో చట్టం వచ్చిన తేదీ ఉంటుంది. ఆ ఏడాది పొయ్యి మీద కుండలో ఏం ఉడికిందో ఉండదు.

ఎలా తినాలో తెలుసుకోవడం కూడా ఒక్కరోజులో జరిగిన పని కాదు. తగిరిస ఎప్పుడు పడితే అప్పుడు తినే ఆకు కాదని ఏ అవ్వను అడిగినా చెబుతుంది. మొలిచిన నాలుగైదు వారాల్లోపు, జానెడు జానెడున్నర మొక్క ఉన్నప్పుడు చిగుళ్ళు గిల్లుకోవాలి. పూత మొదలయ్యాక కోయకూడదు. కోసిన ఆకును ముందు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ఆకును పిడికిటితో పిండాలి. వాసనా చేదూ చాలావరకు ఆ నీళ్ళతో పోతాయి. ఆ తర్వాత కూర ఎవరికి నచ్చినట్టు వారిది. కందిపప్పు ఉంటే పప్పులో, ఉలవలుంటే ఉలవల్లో, ఏదీ లేకపోతే ఉప్పు, మిరపకాయ, చింతపండు పులుసు. ఎండు నెత్తళ్ళు నాలుగు దొరికాయంటే ఆ పూట పండగే. నూనె అంటే అప్పట్లో ఇప్పనూనె. పక్కన సామన్నమో, చోళ్ళ అంబలో, జొన్న జావో. కొందరు లేత ఆకును నీడన ఎండబెట్టి, నలిపి కుండలో దాచుకుని, కూర దొరకని రోజుల్లో పులుసులో వేసుకునేవారు.

మామిడికీ చిక్కుడుకీ సామకూ కొత్తల పండుగ చేసుకుంటాం, దేవుడికి పెట్టనిదే నోట పెట్టుకోం. తగిరిసకు అంతటి మర్యాద మనమూ ఇవ్వలేదు. బహుశా అది లేని ఇంటి కూర కాబట్టి. చుట్టం వచ్చినరోజు తగిరిస వండినట్టు ఎవరూ చెప్పుకోరు. మన పిల్లలు హాస్టళ్ళలో చేరాక ‘మీ ఇంట్లో ఏం కూర?’ అని తోటివాళ్ళు అడిగితే ఈ పేరు మింగేసి పప్పు అనో టమాటా అనో చెప్పడం మాలో చాలామందికి తెలిసిన సంగతే. కూర పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడిన తరం దాన్ని వండటం మర్చిపోతుంది. మరో తరానికి మొక్కే గుర్తుండదు.

ఇక మందు సంగతి. వానాకాలం అంటే తడి. తడిసిన గోచీ, ఆరని రవికె, బురదలో పని. ఆ కాలంలోనే తామర లేస్తుంది. నడుము దగ్గర, గజ్జల్లో, మెడ మీద గుండ్రంగా చుట్టుకుని, అంచు ఎర్రగా ఉబ్బి, దురద. దీనికి తగిరిస గింజ మందు. గింజలను పులిసిన మజ్జిగలో నానబెట్టి నూరి పట్టు వేయడం మైదానం వాళ్ళ పద్ధతి. పాలు పితికే అలవాటు పెద్దగా లేని కొండ ఊళ్ళలో మజ్జిగకు బదులు నిమ్మరసం. ఏదైనా పులుపే. పచ్చి ఆకు నూరి కూడా రాసేవారు. మలబద్ధకం ఉన్నవాళ్ళకు ఆకు కాస్త ముదిరింది వండిపెట్టేవారు. అదే ఆకు కడుపు జారేవాళ్ళకు పెట్టకూడదు.

గమనించండి, ఇక్కడ ఒకే గుణం మూడు చోట్ల పనిచేస్తోంది. తగిరిసలో ఆంత్రాక్వినోన్లు అనే జాతి పదార్థాలున్నాయని రసాయనశాస్త్రం చెబుతుంది. వాటిలో క్రైసోఫనాల్ ఒకటి. తామరను కలిగించే శిలీంధ్రాన్ని అడ్డుకునేది ఆ కుదురుకు చెందిన పదార్థమే. పేగును కదిలించేదీ ఆ జాతే. సుఖ విరేచనానికి వాడే సునాముఖి తగిరిసకు దగ్గరి చుట్టం, దాని గుణమూ ఇదే. లేత ఆకే తినాలని, ఉడికించిన నీళ్ళు పారబోయాలని, ముదురు ఆకు మందుకు మాత్రమేనని మన అవ్వలు పెట్టుకున్న కట్టుబాట్లు ఆ పదార్థాన్ని ఎంత లోపలికి రానివ్వాలో తూచినట్టే ఉన్నాయి. వాళ్ళ దగ్గర తరాజు లేదు. ఎవరో తిన్నారు, ఎవరికో కడుపు జారింది, ఇంకెవరో నీళ్ళు పారబోసి చూశారు. వంటకు పనికొచ్చే సంగతీ మందుకు పనికొచ్చే సంగతీ వేర్వేరుగా తెలిసినవి కావు. ఒకే కుండ ముందు కూర్చుని నేర్చుకున్నవే అని మాకనిపిస్తుంది. ఆ నేర్చుకున్నవాళ్ళు చాలావరకు ఆడవాళ్ళే అయి ఉంటారు, ఎందుకంటే కోసేదీ వాళ్ళే, వండేదీ వాళ్ళే, బిడ్డకు కడుపు జారితే రాత్రంతా మేలుకునేదీ వాళ్ళే.

మరి ‘కనిపెట్టిన’ వాళ్ళుగా పుస్తకాలకెక్కింది ఎవరు?

ఆయుర్వేదంలో తగిరిస పేరు చక్రమర్ద. చక్రం అంటే ఇక్కడ తామర చుట్టు, దాన్ని అణగదొక్కేది అని. ఇంకో పేరు దద్రుఘ్న, దద్రువు అంటే తామరే, దాన్ని చంపేది. పేర్లు రెండూ ఆ మొక్క చేసే పనిని చెబుతున్నాయి. అంటే పేరు పెట్టేనాటికే ఆ పని జనానికి తెలుసు. శాస్త్రగ్రంథం రాసినాయన తామరకు ఏం రాయాలో ఏ పల్లెలోనో, ఏ అడవి అంచునో అడిగే ఉంటాడు. హిందీలోని చకవడ్ ఆ సంస్కృతం పేరు నుంచి వచ్చిందే. చైనాలో పాత మూలికా గ్రంథం ‘షెన్నోంగ్ బెన్సావో జింగ్’లో ఈ జాతి గింజ ఉంది, అక్కడ దాన్ని కంటికి మేలు చేసే మందుగా పేర్కొన్నారు. ఇప్పటికీ కొరియాలో, జపాన్‌లో వేయించిన గింజలతో టీ కాచుకుంటారు.

తర్వాత యూరప్ వాళ్ళు వచ్చారు. 1753లో లిన్నేయస్ దీనికి కాసియా టోరా అని పేరు పెట్టాడు. ఆయన సింహళానికి వచ్చినవాడు కాదు. అంతకు చాలాకాలం ముందు డచ్చి కంపెనీ వైద్యుడు పాల్ హెర్మన్ అక్కడ సేకరించి ఎండబెట్టిన మొక్కలను చూసి 1747లో సింహళ వృక్షాల మీద పుస్తకం రాశాడు. ‘టోరా’ అన్నది సింహళ పల్లెల్లో ఈ మొక్కకు ఉన్న పేరు. ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామంలో సగం పేరు ఊరివాళ్ళది. మనకు ఇది చాలా నచ్చిన సంగతి.

మిగతా సగం కథలో మన నేల కూడా ఉంది. ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు ఈ మొక్కను కాసియా అనకుండా సెన్నా టోరా అంటున్నారు. ఆ పేరు వెనక ఉన్న వ్యక్తి విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు. రంపచోడవరం కొండలు అక్కడికి ఎంతో దూరం కాదు. అక్కడ తోటలు వేశాడు, మొక్కలు సేకరించాడు, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆ తర్వాత కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి వెలువడింది. సెన్నా టోరా పేరున్న ‘ఫ్లోరా ఇండికా’ ఆయన పోయాక 1832లో అచ్చయింది. ఆయన వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైనే. అవి గీసిన చేతుల పేర్లు దాదాపుగా మిగల్లేదు. ఆ మొక్క ఎందుకు పనికొస్తుందని ఆయనకు చెప్పినవాళ్ళ పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలా మిగలకపోవడం తప్పనిసరి కాదు సుమా. రాక్స్‌బర్గ్ కంటే వందేళ్ళ ముందే, 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ‘హోర్టస్ మలబారికస్’ పన్నెండు సంపుటాల్లో, సమాచారం ఇచ్చిన ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి పేరు, ఆయన ఇచ్చిన వాంగ్మూలంతో సహా ఉంది. పేరు రాయాలనుకుంటే రాయవచ్చునని అప్పటికే తెలుసు.

తగిరిసకు తిండి, మందు కాక మూడో పని ఒకటుంది, అది చాలామందికి తెలియదు. నీలిమందు రంగు వేసే కుండలో తగిరిస గింజ పడాలి. నీలి నేరుగా నీళ్ళలో కరగదు, గుడ్డకు పట్టదు. సున్నం వేసి, ఉడికించిన తగిరిస గింజలు వేసి, రోజుల తరబడి పులియబెడితే నీలి కరిగే రూపంలోకి మారుతుంది. గుడ్డ ముంచితే ఆకుపచ్చగా పైకొచ్చి, గాలి తగిలి నీలంగా మారుతుంది. తమిళనాడులోనూ మన తెలుగు జిల్లాల్లోనూ పాత అద్దకంవాళ్ళు ఇలాగే చేసేవారు. సహజ రంగులకు తిరిగి వచ్చినవాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు. తీరం నుంచి ఓడలెక్కిన నీలి బట్టల కథలో కూడా ఈ దిబ్బ మొక్కకు చిన్న పాత్ర ఉందన్నమాట.

ఇక ఈ కాలానికి వద్దాం. కార్తీకం, మార్గశిరం నాటికి మొక్క ఎండిపోతుంది. ఎండు కాయలు కొట్టి, చెరిగి, గింజ సంతకు తెస్తారు. గింజ కొనేవాడు దాన్ని ఏం చేస్తాడో అమ్మేవాడికి తెలియదు. వేయించి పొడి చేస్తే కాఫీకి బదులుగా కాచుకోవచ్చు. అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన మన్యంలోనే ఈ పేదకాఫీ కూడా ఉందని ఎవరూ బోర్డు పెట్టరు. అయితే పెద్ద గిరాకీ కాఫీది కాదు, జిగురుది. గింజ లోపలి తెల్లని పప్పును వేరుచేసి పొడి కొడితే ‘కాసియా గమ్’ వస్తుంది. అది నీళ్ళను చిక్కబరుస్తుంది. విదేశాల్లో కుక్కలకూ పిల్లులకూ డబ్బాల్లో అమ్మే మాంసపు ముద్ద గట్టిగా నిలబడటానికి దాన్ని కలుపుతారు. మనం గడ్డుకాలంలో తిన్న మొక్క గింజ సముద్రాలు దాటి అక్కడి పెంపుడు పిల్లి పళ్ళెంలోకి చేరుతోంది. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, వ్యాపారం అలాగే ఉంటుంది. ఆ గొలుసులో మొదటి కొస మన చేతిలో ఉందని తెలియాలి, అంతే.

చిన్నతరహా అటవీ ఫలసాయానికి కేంద్ర ప్రభుత్వం మద్దతు ధర పథకం 2013-14లో మొదలుపెట్టింది. తర్వాతి సంవత్సరాల్లో జాబితా పెంచుతూ పోయినప్పుడు కాసియా టోరా గింజలు కూడా అందులో చేరాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి ఫలసాయాన్ని సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సంతలో షావుకారు కుంచంతో కొలిచి ధర చెప్పేటప్పుడు ఆ జాబితా గుర్తున్నవాడు ఒక్కడైనా అక్కడ ఉంటే బేరం వేరుగా నడుస్తుంది. చదువుకున్న పిల్లలు చేయగలిగిన పని ఇది.

ఇప్పుడు అసలు భయపెట్టే విషయం. ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని కూర్చోబెట్టిందీ అదే.

2016 వానాకాలం చివర్లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు వరసగా చనిపోయారు. జ్వరం, వాంతులు, మగత, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవడం. దాదాపు అందరూ ఆదివాసీ పిల్లలు. మల్కన్‌గిరి మనకు పరాయి ప్రాంతం కాదు. చింతూరు దాటితే అదే. అక్కడా కోయలున్నారు, మన చుట్టరికాలున్నాయి. మొదట అందరూ మెదడువాపు అన్నారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ నిర్ధారణ కూడా అయింది. కానీ అందరిలో కాలేదు. డాక్టర్ టి. జాకబ్ జాన్ నాయకత్వంలో వచ్చిన నిపుణుల బృందం మిగతా మరణాలకు ఒక మొక్కను కారణంగా చూపించింది. స్థానికంగా దాని పేరు బణ చాకుండా. దాని గింజలు, కాయలు తిన్న చిన్నపిల్లల్లో కాలేయం, కండరాలు, మెదడు ఒక్కసారిగా దెబ్బతింటాయి. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో ఏటా వచ్చే ఇలాంటి జబ్బుకు కూడా ఇదే మొక్క కారణమని అంతకు ముందే వైద్యులు తేల్చారు.

చాకుండా అంటే తగిరిస. బణ చాకుండా అంటే అడవి తగిరిస అన్నట్టు. మన తెలుగులో దాని పేరు కసివింద. రెండూ ఒకే దిబ్బ మీద పక్కపక్కనే మొలుస్తాయి, ఒకేలా పసుపు పూలు పూస్తాయి. తేడా పెద్దవాళ్ళకు కంటిచూపుతోనే తెలుస్తుంది. మనం నేర్చుకోవాలి. తగిరిస రెమ్మకు ఆకులు మూడు జతలు, కొన గుండ్రం. కసివిందకు నాలుగైదు జతలు, కొన సూదిగా ఉంటుంది. తగిరిస కాయ సన్నగా నూలుకండెలా పొడవుగా వంగి ఉంటుంది. కసివింద కాయ దానికన్నా పొట్టి, వెడల్పు, బల్లపరుపు. తగిరిస గింజ పలకలుగా ఉంటుంది, కసివింద గింజ చపటగా, గుండ్రంగా ఉంటుంది. ఆకలితో ఉన్న అయిదేళ్ళ పిల్లవాడు ఇవన్నీ చూడడు, పచ్చి చిక్కుడుకాయ అనుకుని నములుతాడు. కసివిందకూ వైద్యంలో పేరుంది, ఆకును కొందరు పెద్దవాళ్ళు ఉడికించి తింటారు కూడా. పిల్లల దగ్గర మాత్రం దాన్ని ఉంచకూడదు. ఇంటి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ కాయ పట్టకముందే పీకేయాలి. ఏ పిల్లవాడైనా ఆ కాయలు తిన్నాడని తెలిస్తే జ్వరం కోసం, ఫిట్స్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఏం తిన్నాడో డాక్టరుకు చెప్పాలి, వీలైతే ఆ కొమ్మ చేతపట్టుకుని వెళ్ళాలి.

తగిరిస పట్టు వేసేవాళ్ళకూ ఒక మాట. అది కొందరికి చర్మం మండిస్తుంది, చిన్న చోట రాసి చూడాలి. నెల దాటినా తగ్గని తామరకు, పసిపిల్లల ఒంటి మీద తామరకు ఆరోగ్య కేంద్రమే దారి.

ఒక తరం ఒక మొక్కను ‘పిచ్చిమొక్క’ అనడం మొదలుపెట్టినప్పుడు పోయేది కూర ఒక్కటే కాదని మేము అంటున్నది ఇందుకే. తగిరిసకూ కసివిందకూ తేడా చెప్పగలిగే కన్ను కూడా పోతుంది. అది పిల్లల ప్రాణాల సంగతి.

తెలిసినదాన్ని రాసిపెట్టాలా వద్దా అని మన సంఘంలో చర్చ జరుగుతూనే ఉంటుంది. రాస్తే కంపెనీలు ఎత్తుకుపోతాయని కొందరు పెద్దల భయం. దానికి ఆధారం లేకపోలేదు. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. మన దేశం పోరాడితే 1997లో రద్దయింది. పోరాటం గెలవడానికి కారణం పసుపు సంగతి పాత గ్రంథాల్లో రాసి ఉండటం. ఆ అనుభవంతోనే 2001లో ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టి ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని యోగాలన్నీ పేటెంటు కార్యాలయాలకు అర్థమయ్యేలా ఎక్కించింది. మంచిదే. కానీ అది పుస్తకాల నుంచి పుట్టిన గ్రంథాలయం. మన అవ్వల నోటిలో ఉన్నది ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంకో ఉదాహరణ కేరళ కాణి ఆదివాసులది. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తల బృందానికి దారి చూపిన కాణి యువకులు మధ్యమధ్య ఒక చిన్న కాయ నములుతూ అలసట లేకుండా నడిచారు. అది ఆరోగ్యపచ్చ. డాక్టర్ పుష్పాంగదన్ నాయకత్వంలో దాని నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు 10 లక్షల రూపాయల రుసుము, అమ్మకం మీద 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. వచ్చిన దాంట్లో సగం కాణి జనానికి అని నిర్ణయించి, 1997లో వాళ్ళ పేరిట ట్రస్టు పెట్టారు. ఈ ఒప్పందం ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకున్నారు. నడక అంత సాఫీగా సాగలేదు. ఆ మొక్కను పెంచి అమ్ముకోబోతే అటవీశాఖ అభ్యంతరాలు, చెప్పినవాళ్ళకు హక్కుందా జాతి మొత్తానికుందా అన్న తగాదాలు. అయినా వాళ్ళకు వాటా రావడానికి కారణం, ఎవరు చూపించారో ఆ రోజే నమోదై ఉండటం.

తగిరిస ఆరోగ్యపచ్చలాంటి అరుదైన మొక్క కాదు. దాని గుణం రహస్యమూ కాదు, ఒక్క జాతి సొంతమూ కాదు. చైనా నుంచి సింహళం దాకా అందరికీ తెలుసు. దాని మీద రాయల్టీ వస్తుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. పైగా 2023లో జీవవైవిధ్య చట్టానికి చేసిన సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవాళ్ళకు ప్రయోజనాల పంపిణీ నుంచి మినహాయింపు ఇచ్చింది. చక్రమర్ద గ్రంథంలో ఉంది కాబట్టి లెక్క అంతటితో సరి. కానీ లేత ఆకు ఏ వారంలో కోయాలి, నీళ్ళు ఎందుకు పారబోయాలి, ఎండబెట్టిన ఆకు ఎన్నాళ్ళు నిలుస్తుంది, నిమ్మరసంతో పట్టు ఎన్ని రోజులు వేయాలి, కసివిందను ఎలా వేరుచేయాలి అన్నవి మన ఊరి విజ్ఞానం. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని రాసింది. ఆ హక్కు చూపించాలంటే ఆ విజ్ఞానం ఎవరిదో ఎక్కడో ఒకచోట ఉండాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. చాలాచోట్ల అది పట్నం నుంచి వచ్చిన ఎవరో రెండు రోజుల్లో నింపి వెళ్ళిన పుస్తకం. మీ పంచాయతీలో ఉందేమో అడిగి తెరిచి చూడండి. మొక్క స్థానిక పేరు, శాస్త్రీయ నామం, ఏ భాగం వాడతారు, ఎందుకు వాడతారు అన్న గడుల తర్వాత విజ్ఞానం కలిగినవారి వివరాలకు ఒక గడి ఉంటుంది. తగిరిస వరసలో ఆ గడిలో ఏం రాశారో చూడండి. ఖాళీగా ఉంటే, ఈ ఆషాఢంలో మీ ఊళ్ళో ఆకు గిల్లే అవ్వ ఎవరో కనుక్కుని, ఆమె సరేనంటే, ఆమె ఇంటిపేరుతో సహా అక్కడ రాయించండి.